మందుకీ మందుకీ మధ్య

క్యాన్సర్ చికిత్సలో ఉన్న పసివాడు ఆసుపత్రిలో గడిపే రోజులు కొన్నే. ఇంట్లో గడిపే రోజులు వందల్లో ఉంటాయి. కోనసీమ లాంటి చోట గెలుపోటములు తేలేది ఎక్కువగా ఈ రోజుల్లోనే.

ముందు ఆ చికిత్సలో వాడే రెండు మందుల కథ. కోనసీమలో బిళ్ళగన్నేరు లేని పెరడు అరుదు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. గోడవారన దానంతటదే మొలిచి ఊదా పూలో తెల్ల పూలో పూస్తుంది. పొద్దున్నే దేవుడికి నాలుగు కోసుకుంటాం, మళ్ళీ దాని వంక చూడం. ఆ మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ అనే మందు 1960ల నుంచీ రక్తక్యాన్సర్ పిల్లల ప్రాణాలు నిలబెడుతోంది. వందల కిలోల ఎండుటాకు నుంచి గ్రాము దిగే మందు అది. (ఇది చదివి ఎవరూ ఆకు కషాయం కాచకండి. ఆ మొక్కలో విషం ఉంది. మోతాదు తేల్చగలిగింది ఆసుపత్రి ఒక్కటే.)

రెండో మందు కథ కూడా మన పక్కదే. రాజోలు దాటి, చించినాడ వంతెన మీద వశిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా వెళితే భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టింది అక్కడే. రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చి అమెరికా వెళ్ళారు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. అదే ఫోలిక్ ఆమ్లం రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును ఎగదోస్తున్నట్టుందని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్‌కి అనుమానం వచ్చింది. అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును అణచాలి కదా! సుబ్బారావు బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది, అదీ కొన్నాళ్ళే. అంతకుముందు మందులతో ఆ కొన్నాళ్ళు కూడా దాదాపు ఎవరికీ దక్కలేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమైనోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ పిల్లలు వారానికోసారి మింగుతున్నారు.

ఒక మందు మన పెరట్లో పెరిగే మొక్కది, రెండోది ఏటికి అవతల పుట్టిన మనిషిది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూస్తే మనసు చివుక్కుమంటుంది. క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో సంపన్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 మంది కూడా గట్టెక్కడం లేదు. మందులు చాలావరకు అవే. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో సోకే ఇన్ఫెక్షన్లు, చికిత్సను సగంలో మానెయ్యడం ఈ తేడాకు పెద్ద కారణాలు. మొదటిది డాక్టర్లు, ఆశా కార్యకర్తలు ఎక్కువగా చూసుకోవాల్సిన సంగతి. మిగతా రెండూ ఇంటి గడప దగ్గర తేలతాయి.

ఊరి నుంచి అగనంపూడి

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయ్యింది. అమలాపురానికి ఈనాటికీ రైలు లేదు, కోటిపల్లి నుంచి నరసాపురం లైను కోసం తాతల నాటి నుంచీ ఎదురుచూపులే. అమలాపురంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కాకినాడలో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. అయితే పిల్లల క్యాన్సర్ అని తేలాక ఎక్కువమంది పోయేది ఇంకా దూరం. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ శివార్లలో అగనంపూడిలో ఉంది. యానాం, కాకినాడ, కత్తిపూడి, తుని, అనకాపల్లి దాటి సుమారు రెండు వందల కిలోమీటర్లు. లేదా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వం నడిపే ఎంఎన్‌జే ఆసుపత్రి, అదైతే రాత్రంతా బస్సు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం పేద కుటుంబాలకు చికిత్స ఖర్చు భరిస్తుంది. ఆసుపత్రిలో కూర్చునే పథకం ప్రతినిధి దగ్గర కాగితాలు సరిచూసుకోవడం మొదటిరోజే చెయ్యాల్సిన పని. అయితే ఏ కార్డూ కట్టనివి కొన్ని ఉన్నాయి. తండ్రి పోగొట్టుకునే కూలి, బస్సు ఛార్జీలు, ఆసుపత్రి బయట గది అద్దె, ఇంటి దగ్గర వదిలొచ్చిన రెండో బిడ్డ అన్నం. ఇల్లు చితికేది ఇక్కడే. క్యాన్సర్ రోగికీ, వెంట వెళ్ళే ఒకరికీ రైల్వేలో రాయితీ ఉంది. రాజోలు వాళ్ళకి పాలకొల్లు స్టేషన్ దగ్గర, కొత్తపేట వాళ్ళు రాజమండ్రి వెళ్ళి ఎక్కొచ్చు. చికిత్సకొచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా సంస్థ 2006లో ముంబైలో మొదలైంది. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తను అడిగితే ఇలాంటి దారులు తెలుస్తాయి. మనవాళ్ళకి అడగడం నామోషీ. ఈ ఒక్క విషయంలో ఆ నామోషీని ఏట్లో వదిలెయ్యాలి.

బాగైపోయాడు కదా అనిపించే రోజు

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. డాక్టర్లు ఏఎల్ఎల్ అంటారు. తగ్గని జ్వరం, పాలిపోయిన మొహం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, ఎముకల నొప్పితో నడవనని మారాం చెయ్యడం దీని గుర్తులు. చికిత్స సుమారు రెండు, రెండున్నర ఏళ్ళు నడుస్తుంది. మొదటి నాలుగైదు వారాల దశలో స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టీన్, ఇంకొన్ని మందులు కలిపి జబ్బు కణాలను ఊడ్చేస్తారు. వెన్నులోకి సూదితో మందు ఎక్కిస్తారు, ఎందుకంటే మెదడు చుట్టూ దాక్కున్న కణాలను మామూలు ఇంజెక్షన్ పట్టుకోలేదు. తర్వాత కొన్ని నెలలు గట్టి మందులు. ఆ తర్వాత చికిత్స ముగిసేదాకా ఇంటి దగ్గరే రోజూ ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్యలో ఆసుపత్రికి రాకపోకలు.

మొదటి నెల తిరిగేసరికి చాలామంది పిల్లల పరీక్షల్లో జబ్బు కనబడదు. మాత్రల దశకొచ్చాక జుట్టు మళ్ళీ వస్తుంది. పిల్లాడు అరుగు మీంచి దూకుతుంటాడు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ అంటుంది: "వాడు శుభ్రంగా ఉన్నాడు కదరా, ఇంకా ఆ విషాలెందుకు పొయ్యడం?" ఆ మాటలో ప్రేమ తప్ప ఏమీ లేదు. అందుకే అది ప్రమాదకరం. పరీక్షకు దొరకని కణాలు ఒంట్లో ఇంకా ఉంటాయి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టినదాన్ని లొంగదీయడం మొదటిసారి కంటే చాలా కష్టం. డాక్టరు ఈ సంగతి తల్లిదండ్రులకు చెబుతారు. నాయనమ్మకి మాత్రం ఎవరూ చెప్పరు. ఆవిడను ఒక్కసారైనా ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టడం నా దృష్టిలో ఒక డోసు మందుతో సమానం.

మెథోట్రెక్సేట్ గురించి ఒక హెచ్చరిక. అది వారానికోసారి వేసే మాత్ర. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, గోడమీద క్యాలెండర్‌లో ఆ రోజుకి ఎర్రసున్నా చుట్టి, మాత్ర ఇచ్చే పని ఇంట్లో ఒక్కరే చెయ్యాలి.

జ్వరం, ఆటలమ్మ, కొబ్బరినీళ్ళు

కీమో, అంటే క్యాన్సర్ మందు, పడ్డాక కొన్నాళ్ళు తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. "కౌంట్ పడిపోయిందండీ" అంటుంటారు తల్లులు. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. థర్మామీటరులో 100.4 చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ వేసి చూద్దామని కూర్చోకూడదు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. వీలైతే గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. సఖినేటిపల్లి లంకలో రాత్రి రెండింటికి జ్వరం వస్తే విశాఖ చేరడం అయ్యే పని కాదు. అందుకని చికిత్స మొదలైన వారంలోనే అమలాపురంలోనో రాజోలులోనో ఒక పిల్లల డాక్టరుని కలిసి, పెద్దాసుపత్రి ఇచ్చిన ఉత్తరం చూపించి, "రాత్రిపూట వస్తే చూస్తారా అండీ?" అని ముందే మాట తీసుకోవాలి. ఫైలు, థర్మామీటరు, రెండు ఫోన్ నంబర్లు, రెండు జతల బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు పక్కన తగిలించుకోవాలి.

ఆటలమ్మ సంగతి ఇంకొకటి. పక్కింట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే మనం ఆ మాట గట్టిగా అనం. వేపమండలు కట్టుకుని గుట్టుగా ఉంటాం. కీమోలో ఉన్న పిల్లాడికి అదే ఆటలమ్మ ఊపిరితిత్తుల దాకా పాకగలదు. పొడ కనిపించిన మనిషితో పిల్లాడు ఆడుకున్నాడని తెలిసిన రోజే డాక్టరుకి ఫోను చెయ్యాలి. ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు మొదటి మూడు నాలుగు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకని అమ్మవారు పోసిన ఇంటివాళ్ళు తామే వచ్చి దూరం నుంచి ఒక మాట చెప్పడం ఊరు చెయ్యగలిగిన పెద్ద ఉపకారం.

ఇక తిండి. స్టెరాయిడ్ వేసే వారాల్లో పిల్లల ఆకలి ఆశ్చర్యంగా ఉంటుంది. అర్ధరాత్రి లేచి ఎండుచేపల పులుసు కావాలని ఏడుస్తారు. బుగ్గలు ఉబ్బుతాయి, ఊరికే కోపం వస్తుంది, అంతలోనే దిగులు. అది పిల్లాడి గుణం కాదు, మందు గుణం. ఆ వారాల్లో క్రమశిక్షణ నేర్పే ప్రయత్నం దండగ. ఉప్పు, తీపి కాస్త తగ్గించి అడిగింది వండి పెట్టడమే. స్టెరాయిడ్‌ను చెప్పకుండా ఆపెయ్యడం మాత్రం కూడదు. స్టెరాయిడ్ వారాలు అయ్యాక సీను తిరగబడుతుంది. నోరు పూసి అన్నం సహించదు. కారం లేని మెత్తని జావ, పెరుగన్నం, ఉప్పునీళ్ళ పుక్కిలింత, మెత్తటి బ్రష్షు. అంబాజీపేట పొట్టిక్కలు ఇలాంటప్పుడు బాగా పనికొస్తాయి. పనసాకు బుట్టలో ఆవిరి మీద ఉడికి పొయ్యి మీంచి నేరుగా కంచంలోకి వస్తాయి. నిలవ తిండి, బండి మీద కోసి పెట్టిన ముంజెలు వద్దు. విన్‌క్రిస్టీన్ వల్ల మలబద్ధకం సాధారణం, అందుకే దొడ్డికి వెళ్ళని రోజులు లెక్కపెట్టాలి. పిల్లాడు పాదం ఈడుస్తూ నడుస్తుంటే అదీ డాక్టరుకి చెప్పాలి.

మన దగ్గర కొబ్బరినీళ్ళు వద్దనడం పాపం. కానీ చికిత్స మొదటి రోజుల్లో జబ్బు కణాలు ఒక్కసారిగా చచ్చి రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. బొండంలో పొటాషియం బోలెడు. కాబట్టి ఆ రోజుల్లో డాక్టరుని అడక్కుండా పట్టకండి. తర్వాత పట్టొచ్చంటే కాయ కడిగి ఇంట్లోనే కొట్టండి. పసరు మందుల సంగతీ ఇంతే. పిల్లాడికి ఏం తాగించినా డాక్టరు దగ్గర దాచకూడదు. లివరు మీద రెండు మందులు తగవు పడితే నలిగేది పిల్లాడే.

"ఇవాళ సూదుందా అమ్మా?"

అల్లరి చేస్తే డాక్టర్ గారి చేత సూది వేయిస్తామని బెదిరించని ఇల్లు మన దగ్గర ఉందా? ఈ జబ్బు వచ్చిన రోజున ఆ బెదిరింపుకి వెల కట్టాల్సి వస్తుంది. నాలుగేళ్ళ పిల్లాడు తనకు జబ్బు ఎందుకొచ్చిందో తనే ఒక కారణం వెతుక్కుంటాడు. చెల్లిని కొట్టాను, అన్నం పారేశాను, అందుకే సూదులు అనుకుంటాడు. ఎవరూ అడగరు కాబట్టి పైకి చెప్పడు. అందుకని తల్లిదండ్రులు మొదట చెప్పాల్సింది ఇదే: నువ్వు చేసిన తప్పుకి ఇది రాలేదు, ఎవరి వల్లా రాలేదు, ముద్దు పెట్టుకుంటే ఎవరికీ అంటుకోదు.

రెండోది అబద్ధం ఆడకపోవడం. "ఊరికే చూపించుకుని వచ్చేద్దాం" అని బస్సెక్కించి అక్కడ సూది వేయిస్తే, మరుసటిసారి బస్సు చూడగానే ఏడుస్తాడు. "ఇవాళ సూదుందా అమ్మా?" అంటే, "ఉంది నాన్నా, ఒక్కటే. చిటుక్కుమంటుంది. నేను ఒళ్ళో కూర్చోబెట్టుకునే ఉంటాను" అనాలి. నలుగురు పట్టుకుని మంచానికి అదిమేసే కంటే అమ్మ ఒళ్ళో నిటారుగా కూర్చున్న పిల్లాడు తక్కువ భయపడతాడు. ముందుగా చర్మానికి మొద్దుబారే క్రీము రాయమని అడగొచ్చు, అది పనిచెయ్యడానికి గంట పడుతుంది. సబ్బు బుడగలు ఊదించడం పనికిమాలిన ఆట కాదు, ఊదేటప్పుడు ఒళ్ళు సడలుతుంది. కుడిచెయ్యా ఎడమచెయ్యా అని వాడినే అడగండి. వేయించుకోవాలా వద్దా అని మాత్రం అడగకండి, అది వాడికి లేని హక్కు. లేని హక్కు ఇచ్చినట్టు ఇచ్చి లాక్కోకూడదు.

జుట్టు విషయంలో మనకో వెసులుబాటు ఉంది. గుండు కోనసీమలో ఎవరికీ వింత కాదు. తిరుపతి, వాడపల్లి, అంతర్వేది వెళ్ళొచ్చిన గుండ్లు ప్రతి వీధిలోనూ కనబడతాయి. కుచ్చులు కుచ్చులుగా దిండుమీద రాలేదాకా ఆగకుండా ముందే గుండు చేయించి, పక్కన నాన్న కూడా చేయించుకుంటే పిల్లాడికి అదొక సరదా. ఆడపిల్లల దగ్గర మాత్రం ఇది అంత తేలిక కాదు. జడ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతారు. మందులు తగ్గాక వస్తుందని నిజమే చెప్పాలి, నెల పేరు చెప్పకూడదు.

అమ్మ కువైట్‌లో ఉంటే

కోనసీమలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడి నుంచి కువైట్‌కీ, దుబాయ్‌కీ, మస్కట్‌కీ ఇంటిపనులకు వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. తల్లి గల్ఫ్‌లో ఉండగా పిల్లకి జబ్బు బయటపడితే ఆసుపత్రికి వెంట నడిచేది అమ్మమ్మ. ఆవిడకి బస్సు నంబర్లు చదవడం రాకపోవచ్చు, మందు పేర్లు ఎలాగూ రావు. తల్లి వెంటనే రాలేదు. వీసా, జీతం బాకీ, ఆ జీతం లేకపోతే చికిత్సే ఆగిపోతుందన్న భయం. ఊరకే జాలిపడే కంటే ఊళ్ళో చదువుకున్న ఒక కుర్రాడు ఆ అమ్మమ్మకు మాత్రల డబ్బా వారంవారం సర్దిపెట్టడం, డాక్టరు చెప్పింది ఫోనులో రికార్డు చేసి కువైట్ పంపడం పనికొచ్చే సాయం. వీడియో కాల్ సూది వేసే క్షణంలో కాకుండా నిద్రపోయే ముందు రోజూ ఒకే వేళకి వస్తే పిల్ల ఆ వేళ కోసం ఎదురుచూస్తుంది.

చూడ్డానికొచ్చే చుట్టాల గురించి రెండు ముక్కలు. పిల్లాడి ముందే "మొహం ఎలా పీక్కుపోయిందో చూడండి" అంటారు, తర్వాత "ఇప్పటికి ఎంతయ్యింది?" అంటారు. వీటికి బదులు పెద్దపిల్లని బడికి దింపండి, గేదెకు గడ్డి వెయ్యండి, ఆ ఇంటి కొబ్బరి దింపు వేళకి మనిషిని పెట్టి కాయ లెక్క చూడండి. తోట ఆదాయం చేతికొస్తేనే వచ్చే నెల బస్సు ఛార్జీ. అన్నట్టు ఆ పెద్దపిల్లని అందరూ మరిచిపోతారు. తమ్ముడికే బొమ్మలు, తమ్ముడికే పలకరింపులు. తను కూడా ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి తమ్ముడి మంచం చూసొస్తే, ఊహించుకుని పడే భయం చాలావరకు తగ్గుతుంది.

రక్తం సంగతి చెప్పకపోతే ఇది అసంపూర్ణం. హీరోల పుట్టినరోజులకు మన కుర్రాళ్ళు వరసకట్టి రక్తం ఇస్తారు, సంతోషమే. కానీ ఈ పిల్లలకు ఎక్కువసార్లు కావాల్సిన ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. ఒక్కరోజు వందమంది ఇచ్చే కంటే నెలకి పదిమంది చొప్పున ఏడాదంతా ఇస్తే పనికొస్తుంది. అభిమాన సంఘాలు ఒక జాబితా రాసుకుని వంతులు వేసుకుంటే ఎంత బాగుంటుందో!

గోదారి క్యాలెండరు

కీమో తేదీలకు గోదారి తేదీలు పట్టవు. జులై, ఆగస్టుల్లో వరదొస్తే లంకల దారులు, కాజ్‌వేలు మునుగుతాయి. 1986లో, మళ్ళీ 2022 జులైలో గోదారి ఎలా ముంచెత్తిందో ఇక్కడ అందరికీ తెలుసు. లంక గ్రామాల కుటుంబాలు జూన్‌లోనే డాక్టరుతో ఈ మాట మాట్లాడాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక వినగానే ఏటి ఇవతల చుట్టాలింటికి మారడం, మాత్రలు రెండు వారాలకు సరిపడా దగ్గర ఉంచుకోవడం, మంచినీళ్ళు కాచి పెట్టుకోవడం. వరద దిగాక నీళ్ళ జబ్బులు ముసురుతాయి, కౌంట్ తక్కువ ఉన్న పిల్లాడు ఆ వారాల్లో ఊరికి దూరంగా ఉంటేనే మేలు.

పండగలకూ ఇదే లెక్క. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళమని ఏ పిల్లాడు అడగడు? కౌంట్ బాగుంటే, డాక్టరు సరేనంటే, జనం కమ్ముకోకముందే పొద్దున్నే ప్రభలు ఊళ్ళోంచి కదిలేటప్పుడు నాన్న భుజం మీద నుంచి చూపించి తెచ్చెయ్యొచ్చు. కౌంట్ లేకపోతే వెదురుబద్దలు, రంగు కాగితాలు తెచ్చి పెరట్లోనే ఒక చిన్న ప్రభ కట్టించండి. ఏడాది పొడుగునా "వద్దు, కూడదు" అని మాత్రమే విన్న పిల్లాడు మందు మింగడానికి కూడా మొండికేస్తాడు.

మాత్రల దశకు వచ్చాక చాలామంది పిల్లలు బడికి వెళ్ళొచ్చు. హాజరు పట్టీలో పేరు కొట్టెయ్యకుండా ఉంచమని మాస్టారిని ముందే అడగండి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు కనబడితే ఆరోజే కబురు చెయ్యమనండి. ఇది అంటుజబ్బు కాదని మాస్టారు ఒక్కసారి గట్టిగా చెబితే పక్కన కూర్చోవడానికి పిల్లలకు అభ్యంతరం ఉండదు. అభ్యంతరమల్లా వాళ్ళ తల్లిదండ్రులకే.

చివరి మాత్ర అయ్యాక కూడా కొన్ని పనులు మిగులుతాయి. పరీక్షలకు మొదట్లో నెలనెలా, తర్వాత నెలలు ఎడంగా వెళ్ళాలి. కొన్ని నెలలు ఆగి టీకాలు మళ్ళీ వేయించాలి. అన్నిటికంటే ముందు, ఏ మందు మొత్తం ఎంత పడిందో రాసిన కాగితం ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవాలి. మొదటి దశలో వాడే కొన్ని మందుల ప్రభావం గుండె మీద ఏళ్ళ తర్వాత బయటపడొచ్చు. అప్పటికి పిల్లాడు పెద్దవాడై హైదరాబాద్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఉంటాడు. అక్కడి డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే. ఫోనులో ఫొటో తీసి ఉంచినా, అసలుది ఆధార్ కార్డుల కవర్లోనే పెట్టండి.